ఆ మాట గోండిలో ఏమిటి?

(మాస్టారి స్మృత్యర్థం మానవశాస్త్ర విభాగంలో చేసిన ఉపన్యాసం పాఠం)



 ఈ ఏటి ఉపన్యాసం నన్ను ఇమ్మన్నప్పుడు, దేని గురించి మాట్లాడమంటారని విభాగాధిపతి గారిని అడిగాను. "మానవశాస్త్రంలో పీహెచ్‌డీ చెయ్యడమంటే ఏమిటో మా పిల్లలకు చెప్పండి. నిబంధనలు మేం చెప్పుకుంటాం, మిగతాది మీరు చెప్పండి" అన్నారు. ఆ మిగతాది నాకు నేర్పింది నా గైడు మాస్టారే. ఒకే ఒక్క ప్రశ్నతో నేర్పారు.

1984 చలికాలం. ఉట్నూరు అవతల ఒక గోండు గూడెంలో ఫీల్డువర్కు మొదలుపెట్టి నాకు మూడు నెలలైంది. నేను కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని. గోండి ఒక్క ముక్క రాదు. ఊళ్లో తెలుగు, మరాఠీ తెలిసిన ఒక కుర్రవాడు మాట అందించేవాడు. పట్ల ఇంట్లో, అంటే ఊరిపెద్ద ఇంట్లో, నాకొక మూల చోటిచ్చారు. ఆ ఇంట్లో మనవడికి సంబంధాలు చూస్తున్నారు. పెన్‌గంగ అవతలి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన ఒక పిల్లను గురించి చెప్పాడు. పనిమంతురాలన్నాడు. ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి. ఆ పిల్ల ఇంటిపేరు బయటికి రాగానే మాట అక్కడితో ఆగిపోయింది. ఎందుకని అడిగాను. "వాళ్లవీ ఏడు దేవుళ్లే, మనవీ ఏడు దేవుళ్లే. కుదరదు మేడం" అన్నాడు మా కుర్రవాడు. ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుని నేను శ్రద్ధగా రాసుకున్నాను: ఒకే ఏడుగురు దేవుళ్లను కొలిచే కుటుంబాల మధ్య వివాహం నిషిద్ధం.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ నోట్సు మాస్టారికి చూపించాను. ఆయన ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. "ఆ మాట గోండిలో ఏమిటమ్మా?" అన్నారు. నాకు తెలియదు. "గోండుల మీద హైమన్‌డార్ఫ్ పుస్తకం చదివావుగా, అందులో ఏముంది?" అన్నారు. చదివాను. కాని ఆ పుస్తకంలో ఉన్న ఏ సంగతికీ ఈ ఏడు దేవుళ్లకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. ఆయన కోప్పడలేదు. నోట్సు మూసి చేతిలో పెట్టి, "వెళ్లి అడిగి రా" అన్నారు.

వెళ్లాను. పట్ల తల్లి వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. మా కుర్రవాణ్ని పక్కన పెట్టుకుని, ఏడు దేవుళ్లంటే మీ మాటల్లో ఏమంటారని అడిగించాను. "ఏడ్వేన్ సగ" అంది. చేటలోంచి ఏడు గింజలు తీసి అలికిన నేల మీద వరసగా పెట్టింది. వీళ్లు దేవుళ్లా అని అడిగాను. ఆమె నవ్వింది. అన్నదమ్ములు అంది. ఆ ఏడుగురు అన్నదమ్ముల సంతానమే ఏడ్వేన్ సగ. ఆరుగురి సంతానం సార్వేన్ సగ. అలాగే ఐదు, నాలుగు. ఆదిలాబాదు రాజ్‌గోండుల్లో ఉన్నవి ఈ నాలుగు సగలే. ఒక్కొక్క సగలో ఎన్నో పారులు, అంటే వంశాలు. పక్క భాషవాళ్లకు సులువుగా అర్థం కావాలని సగ అన్నచోట దేవుళ్లు అని చెప్పడం వాడుకైంది. ఆ ముసలమ్మ ఏడు గింజల్నీ మళ్లీ చేటలోకి తోసేస్తూ నన్నే ఎదురు ప్రశ్న వేసింది: మీలో అన్నదమ్ముల బిడ్డలు పెళ్లి చేసుకుంటారా?

చేసుకోరు. పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లలూ మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ బావలు, మరదళ్లు. ఈ తేడా నాకు పుస్తకం చెప్పాల్సిన పని లేదు, పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్నదే. 1871లో లూయీ మోర్గన్ ప్రపంచ బంధుత్వ పదాల పట్టికలు అచ్చు వేసినప్పుడు తమిళం, కన్నడంతోపాటు తెలుగు వరసలు కూడా అందులో చేరాయి. అంటే మన బావామరదళ్ల వరసలు ఈ శాస్త్రం పురిటి గదిలోనే ఉన్నాయి. ఇంత దగ్గర సంగతి నాకు మూడు నెలలపాటు ఎందుకు కనబడలేదు? నేను దాన్ని ఇంగ్లీషులో చదివాను, తెలుగులో విన్నాను. రెంటినీ కలిపే గోండి మాట నా దగ్గర లేదు. అది లేకపోబట్టి చుట్టరికాన్ని మతంగా రాసుకున్నాను. ఆ తప్పుతోనే సిద్ధాంతగ్రంథం పూర్తిచేసి ఉంటే డాక్టరేటు వచ్చేదే. పట్టుకునేవాళ్లెవరు?

ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇవాళ వచ్చాను. మానవశాస్త్రంలో పరిశోధన డిగ్రీ అంటే ముందు ఒక భాష దగ్గర బడిపిల్లగా కూర్చోవడం. మిగతావన్నీ దాని తర్వాతే.

హైమన్‌డార్ఫ్ పేరు ఎత్తాను కాబట్టి ఆయన డిగ్రీ సంగతి కూడా చెబుతాను. మన పిల్లలకు ధైర్యం వస్తుంది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. 1931లో అక్కడే డాక్టరేటు తీసుకున్నారు. సిద్ధాంతవ్యాసం అస్సాం, బర్మా కొండజాతుల సమాజ వ్యవస్థ మీద. అప్పటికి ఆయన ఆ కొండలు చూడలేదు. అంతా గ్రంథాలయాల్లో కూర్చుని ఇతరుల రాతలు పోల్చి రాసినదే. ఆ కాలం వియన్నాలో అది తప్పు కాదు, అక్కడి పద్ధతే అది. తర్వాత లండన్ వెళ్లి మలినోవ్‌స్కీ సెమినార్లలో కూర్చున్నారు. మలినోవ్‌స్కీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో ఊరి మధ్య గుడారం వేసుకుని, అక్కడి భాషలో మాట్లాడుతూ బతికినవాడు. 1922లో వచ్చిన ఆయన పుస్తకంతో ఫీల్డువర్కు అనే మాటకే అర్థం మారిపోయింది. హైమన్‌డార్ఫ్ 1936లో నాగా కొండలకు వెళ్లారు. అంటే డాక్టరు అయిన ఐదేళ్లకు అసలు చదువు మొదలుపెట్టారు.

1939లో భార్య బెట్టీతో కలిసి మళ్లీ మన దేశానికి వచ్చేసరికి రెండో యుద్ధం మొదలైంది. ఆయన దగ్గరున్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషువారి లెక్కలో శత్రుదేశీయుడు. నిజాం రాజ్యం సరిహద్దుల్లోనే ఉండమన్నారు. అలా ఆయన నల్లమల చెంచుల దగ్గరికి, గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి, చివరికి ఆదిలాబాదు గోండుల దగ్గరికి చేరారు. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో వచ్చాయి. నాకెప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది: మలినోవ్‌స్కీ కూడా ఆస్ట్రియా చక్రవర్తి పౌరుడే. మొదటి యుద్ధంలో ఆస్ట్రేలియా ప్రభుత్వం దృష్టిలో ఆయనా శత్రువే. ఇద్దరికీ యుద్ధం వల్ల స్వదేశానికి దారి మూసుకుపోయింది, ఊళ్లో ఉండటానికి కాలం దొరికింది. మన శాస్త్రంలో గొప్ప పనులు కొన్ని ఇలా తిరిగి వెళ్లే తొందర లేనివాళ్ల చేతుల మీదుగా జరిగాయి.

గోండుల నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలన్న ఆలోచన నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు తయారయ్యాయి. ఆయన సిఫారసుల మీద ఎన్నో కుటుంబాలకు భూమి పట్టాలు దక్కాయి. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాదులో కన్నుమూశారు, ఆయన 1995లో. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో ఉన్నాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి వాళ్లను తలుచుకుంటారు. పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారిది కూడా ఆ ఊరే. హైమన్‌డార్ఫ్ వెనక ప్రభుత్వ బలముంది, ఆ సంగతి మరిచిపోకూడదు. ఒక పరిశోధక విద్యార్థికి ఆ బలం ఉండదు. కాని ఊరివాళ్లు ఆయన హోదాను తలుచుకుంటున్నారని నేననుకోను. మా మాట నేర్చుకున్నాడు, మా మధ్య ఉన్నాడు అనే చెప్పుకుంటారు.

డిగ్రీ లేకుండా ఈ పని చేసినవారు మన తెలుగువాళ్లలోనే ఉన్నారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మనందరికీ తెలుసు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో ఉంచుకుని సవర నేర్చుకున్నారు. సవరల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చిందని చెబుతారు. ఒక భాషను చెవితో పట్టడానికి వెళ్లిన మనిషి చెవులే పోగొట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ముప్ఫై ఏళ్ల పని. మాస్టారు గిడుగువారి పేరు ఎత్తినప్పుడల్లా కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేవారు, గుర్తుందా?

ఇప్పటి లెక్కలు చూద్దాం. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్సువర్కు అందులోనే, కనీసం 12 క్రెడిట్లు. ఆ పైన రెండేళ్ల వరకు పొడిగింపు ఉంది. మహిళలకు, వికలాంగులకు మరో రెండేళ్లు. ఎంఫిల్ ఎత్తేశారు. మా రోజుల్లో ఎంఫిల్‌లో ఒక ఏడాది ఊరి వాసన తగిలేది, ఆ మెట్టు ఇప్పుడు లేదు. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అది రాక కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ ఫెలోషిప్ మీద ఉన్నవాళ్లకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, ఎక్కడో పాఠాలు చెప్పుకుంటూ చేసేవాళ్లు నా విద్యార్థుల్లోనే ఎందరో. ఇలాంటి పిల్లను ఏడాదిపాటు గూడెంలో ఉండమంటే ఎలా ఉంటుంది? ఉండలేదు. వారం వెళ్తుంది, ప్రశ్నావళి నింపుకుని వస్తుంది, మళ్లీ సెలవుల్లో ఇంకో వారం. నేను ఆ పిల్లను తప్పుపట్టను. ఆరేళ్లలో కోర్సువర్కుకు చోటుంది, కమిటీలకు చోటుంది, ప్లేజియరిజం తనిఖీకి చోటుంది. భాష నేర్చుకోవడానికి ఆ కాగితాల మీద ఎక్కడా ఒక గడి లేదు. తప్పు అక్కడ ఉంది.

ఊళ్లో ఉండటం వల్ల ఏమొస్తుందో చెప్పే ఒక కథ మన శాస్త్రంలో ఉంది. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో ఉండి పని చేశారు. పుస్తకంలో దానికి రాంపుర అని మారుపేరు పెట్టారు. చాలా ఏళ్ల తర్వాత, రాయడానికి తీరిక దొరికిందని స్టాన్‌ఫోర్డ్ వెళ్లారు. 1970 ఏప్రిల్ 24న ఆయన పనిచేస్తున్న భవనానికి దుండగులు నిప్పుపెట్టారు. ఏళ్ల తరబడి క్రమంలో పెట్టుకున్న నోట్సు, మూడు ప్రతులూ ఆ గదిలోనే కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం నుంచి ఆ ఊరిని మళ్లీ రాశారు. 1976లో వచ్చిన ఆ పుస్తకాన్ని మీరంతా చదివే ఉంటారు. విద్యార్థులకు ఈ కథ చెప్పి, నోట్సు వేర్వేరు చోట్ల దాచుకోండమ్మా అని హెచ్చరిస్తాం. అది సరే. నాకు మాత్రం ఇందులో కనబడేది వేరు. శ్రీనివాస్ ఆ ఊళ్లో ఉన్నది కన్నడంలో. కన్నడం ఆయన తల్లి ఒడిలో నేర్చుకున్న భాష కాకపోయినా, వీధిలో ఆడుకుంటూ పెరిగిన భాష. చెవిలో పడ్డ మాట అక్కడే నిలిచింది. మధ్యలో దుబాసీని పెట్టుకుని రాసుకున్న నోట్సు కాలిపోతే, తిరిగి రాయడానికి మనసులో ఏం మిగులుతుంది?

ఇంకో మాట. మన పుస్తకాల్లో సమాచారం చెప్పేవాణ్ని ఇన్ఫార్మెంట్ అంటాం. గోండుల మీద పోలీసులు జరిపిన ఇంద్రవెల్లి కాల్పులు 1981 ఏప్రిల్ 20న జరిగాయి. ఆ తర్వాత ఆదిలాబాదు అడవుల్లో ఇన్ఫార్మర్ అనే ముద్ర ఎవరి మీద పడినా ప్రాణానికే ముప్పు. నేను నా మొదటి అధ్యాయం చిత్తుప్రతిలో పట్ల తల్లిని గురించి ఇన్ఫార్మెంట్ అనే మాట వాడితే మాస్టారు ప్రతి చోటా కొట్టేశారు. "ఆవిడ నీకు పాఠం చెప్పింది. పాఠం చెప్పినవాళ్లను ఏమంటారు?" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆమెను గురువు అనే రాశాను. బయటి పరీక్షకులు అది శాస్త్రీయమైన మాట కాదని రాశారు. మాస్టారు మార్చనివ్వలేదు.

గైడు మాట వచ్చింది కాబట్టి ఇరావతీ కర్వే గారిని తలుచుకోకుండా దాటలేను. 1920ల చివర బెర్లిన్‌లో ఆమె పుర్రెల కొలతల మీద పరిశోధన చేశారు. ఆమె గైడు యూజెన్ ఫిషర్ జాతుల ఎక్కువతక్కువలను నమ్మినవాడు. కొలతలు ఆ నమ్మకాన్ని బలపరచలేదు. బలపరచలేదనే ఆమె రాశారు. పరాయి దేశం, పరాయి భాష, చేతికి రావలసిన డిగ్రీ ఆ గైడు సంతకం మీద ఆధారపడి ఉంది. అంతటి ధైర్యం ప్రతి విద్యార్థికీ అవసరం పడకూడదనే నేను కోరుకుంటాను. అవసరం పడితే మాత్రం, పూర్వం ఒకామె చేసి చూపిందని తెలిసి ఉండాలి.

ఇక నా తప్పు చెబుతాను. నా సిద్ధాంతగ్రంథం పూర్తయింది, పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఊరికి స్వీట్లు పట్టుకుని వెళ్లాను, గ్రంథం పట్టుకెళ్లలేదు. ఇంగ్లీషులో ఉంది కదా, వాళ్లకెందుకు అనుకున్నాను. 2011లో ఒక కుర్రవాడు నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. ఏడ్వేన్ సగ పిల్లను కాదనుకుని వేరే సగలో పెళ్లి చేసుకున్న ఆ మనవడి కొడుకు. బీఈడీ చేశాడు. "రాం రాం మేడం" అని, "మా ఊరి మీద మీరు రాసిన పుస్తకం చూపిస్తారా?" అన్నాడు. బీరువాలోంచి తీసి ఇచ్చాను. అరగంటసేపు ఆ పేజీలు తిప్పాడు. తర్వాత తలెత్తి, "ఇందులో మా ముత్తవ్వ ఎక్కడుంది?" అన్నాడు. పేర్లు మార్చానని చెప్పి ఆ పేజీ తీసి చూపించాను. నేను పెట్టిన మారుపేరు పైకి చదివాడు. ఇంకేమీ అనలేదు. చాలాసేపు ఆ పేరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

పేర్లు మార్చడం తప్పని నేను అనను. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అసలు పేర్లు రాయడం వాళ్లకు హాని. కాని మారుపేరు వెనక ఎవరున్నారో వాళ్లకైనా చెప్పాలి కదా. చెప్పలేదు.

అతను వచ్చిన పని మరొకటి ఉంది. వాగు పక్కన వాళ్ల చేను ఒకటి అప్పు కింద గిరిజనేతరుల చేతికి పోయింది. గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టం కింద తిరిగి అడుగుతున్నారు. ఆ చేను ఎవరు, ఎప్పటిదాకా దున్నారో నా పుస్తకంలో ఉందేమో చూడమని పెద్దలు పంపించారు. పుస్తకంలో మనుషుల పేర్లతోపాటు వాగు పేరు కూడా మార్చేశాను. గ్రంథం వాళ్లకు ఎందుకూ పనికిరాలేదు. నా పాత నోట్సు తీశాం. 1985లో ఆ ముసలమ్మ చెప్పిన మాటలు అసలు పేర్లతో ఉన్నాయి, ఏ ఏడు వర్షాలు తప్పాయో, ఏ ఏడు అప్పు తెచ్చారో. ఆ పేజీలు జిరాక్సు తీసి ఇచ్చాను. నోట్సు పేజీ అధికారుల ముందు సాక్ష్యంగా నిలవలేదు. కాని అందులోని పేర్లు పట్టుకుని, ఆ చేను దున్నడం కళ్లారా చూసిన ఇద్దరు వృద్ధులను వాళ్లు వేరే ఊళ్లలో వెతికి పట్టుకోగలిగారు.

ఆ మరుసటి ఏడు చుట్టరికాల అధ్యాయాన్ని, భూమి అధ్యాయాన్ని నేనే తెలుగులో రాసి ఊరికి తీసుకెళ్లాను. పట్ల వాకిట్లో చదివాను, ఆ బీఈడీ కుర్రవాడు గోండిలో చెప్పాడు. రెండు సాయంత్రాలు పట్టింది. పెద్దలు నాలుగు చోట్ల నన్ను ఆపారు. ఒక పారిని ఏడు సగలో వెయ్యాల్సింది ఆరు సగలో వేశాను. దండారి నృత్య జట్టు పక్క ఊళ్లకు వేడుక కోసం వెళ్తుందని రాశాను. తమ ఊరి జట్టు ఏ ఊళ్లకు వెళ్తుందో వియ్యాలు అందుకునే ఊళ్లను బట్టి ఉంటుందని ఒక పెద్దాయన విడమరిచి చెప్పాడు. ఆ ఒక్క మాట ముందే విని ఉంటే నా ఐదో అధ్యాయం మొత్తం వేరేగా ఉండేది. ఇద్దరు బయటి పరీక్షకులు, ఒక వైవా, ఒక ప్రచురణకర్త పట్టుకోలేని తప్పులను ఆ వాకిట్లో నిరక్షరాస్యులు రెండు సాయంత్రాల్లో పట్టుకున్నారు. వైవా జరగాల్సిన చోటు అది.

నా తప్పు ఇంకొకటి ఉంది. గోండికి లిపి లేదని నేనే ఏళ్ల తరబడి తరగతిలో చెప్పాను. కాని నార్నూరు మండలం గుంజాల గ్రామంలో సొంత లిపిలో రాసిన గోండి రాతప్రతులు ఇళ్లలో భద్రంగా ఉన్నాయి. అవి హైదరాబాదు విశ్వవిద్యాలయ పండితుల దృష్టికి వచ్చి లోకానికి తెలిసింది ఈ శతాబ్దంలోనే. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. గుంజాల మార్లవాయికి ఏమంత దూరం కాదు. ఎందరు పరిశోధకులు ఆ దారిన పోయి ఉంటారు! ఆ దారిన పోయినవాళ్లలో నేనూ ఉన్నాను. నా ప్రశ్నల్లో చదువు గురించి ఒక గడి ఉండేది: చదవను రాయను వచ్చునా, ఏ భాషలో? ఆ గడిలో తెలుగు, మరాఠీ, ఉర్దూ అనే మూడే రాసుకుని వెళ్లాను.

ఇప్పుడు ఈ హాల్లో నాకు సంతోషం కలిగించే దృశ్యం ఒకటి ఉంది. వెనక వరసల్లో గోండు, కోయ, లంబాడ, సవర పిల్లలు పరిశోధకులుగా కూర్చున్నారు. మా కాలంలో వాళ్లు మా పుస్తకాల్లో మాత్రమే ఉండేవారు. గిరిజన విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ దేశం మొత్తానికి ఏటా 750. అది చాలదు, కాని దాని వల్ల వచ్చిన మార్పు కళ్లముందే ఉంది. మీ సొంత సమాజం మీద మీరే రాస్తే నిష్పాక్షికత ఉండదని మీకెవరైనా చెబితే, శ్రీనివాస్ జీవితమంతా ఆ వాదానికి జవాబు చెబుతూనే పనిచేశారని గుర్తుపెట్టుకోండి. మీ దగ్గర మాట ఉంది. నాకు మూడు నెలలు పట్టినది మీకు పుట్టుకతో వచ్చింది. అయితే ఒక గోండు విద్యార్థి పక్క గూడెంలోని కొలాముల మీద పనిచేయడానికి వెళ్తే, అతనికీ నా పరిస్థితే. అక్కడ కొలామీ నేర్చుకోవాల్సిందే. కొలాములు నీతో గోండిలో మాట్లాడగలరు కదా అనుకుంటే, వాళ్లు నీ కోసం ఏ మాటను దేవుళ్లుగా మార్చి చెబుతున్నారో నీకు తెలియదు.

విభాగాధిపతి గారికి, ఆచార్యులకు రెండు విన్నపాలు. ఆ 12 క్రెడిట్లలో నాలుగింటిని భాషకు ఇవ్వండి. గోండి కావచ్చు, కోయ కావచ్చు, కువి కావచ్చు, మన పట్నం బస్తీలో పనిచేసేవాళ్లకు దక్కనీ కావచ్చు. పరీక్ష కూడా కాగితం మీద వద్దు. ఆ భాష మాట్లాడే ఒక పెద్దావిడతో గంటసేపు కబుర్లు చెప్పగలిగితే ఉత్తీర్ణులైనట్టే. రెండోది, ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఇక్కడ ఒకటి ఎలాగూ జరుగుతుంది, ఊళ్లో కూడా ఒకటి జరపండి. అధ్యాయాల సారాంశం తెలుగులో రాసి, ఊరి భాషలో చెప్పించి, వాళ్లు దిద్దిన మాటలు దిద్దాకే గ్రంథం బైండింగుకు పంపండి. ఒక ప్రతి ఊరి బడిలోనో, గోండు పెద్దలు కూడే రాయి సెంటరులోనో ఉంచండి. నిబంధనలు దీనికి అడ్డు చెప్పవు, నేను చదివి చూశాను.

మొదటి విన్నపానికి నా వంతు ఏర్పాటు చేసుకుని వచ్చాను. బీఈడీ చేసిన ఆ కుర్రవాడు, ఇప్పుడు ఉపాధ్యాయుడు, వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఇక్కడికి వచ్చి గోండి నేర్పడానికి ఒప్పుకున్నాడు. బస మా ఇంట్లోనే. వారానికి నాలుగు సాయంత్రాలు, ఇదే భవనంలో కింది గదిలో. నేనూ ఆ తరగతిలో కూర్చుంటాను. పేర్లు ఇవ్వదలచినవారు ఇవాళ వెళ్లేముందు ఆఫీసులో రాసి వెళ్లండి.